శశికళ నోట్లో చక్కెర

మా కడగొట్టు చెల్లెలు శశికళకు సీమంతం. పెళ్లయిన ఇన్నేళ్లకు నిలిచిన కడుపు. చింతామణిలో మా ఇంటినిండా చుట్టాలు.

గాజులు తొడుగుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, మనసు కీడు శంకిస్తా ఉండాది."

మా ఇంట్లో అలాంటి మాట పలకకూడదు. పలికినవాళ్ల నోట్లో చక్కెర పోసి మింగిస్తాం, కీడు మాటతోపాటు కరిగిపోతుందని. పోశాను.

"పొద్దన్నుంచీ కడుపులో..." అంది. మళ్లీ పోశాను.

"పెద్దమ్మ చేతి తీపి బిడ్డకు ఇప్పుడే మప్పుతాండాదమ్మా!" అని చుట్టాల్లో ఒకామె అంటే అందరూ నవ్వారు.

"ఆస్పత్రికి పోదామక్కా."

"హారతి అయినాంక పోదాంలే. శుభం జరిగే చోట నోరు మూసుకోవల్లమ్మా" అన్నాను. కైవారం గుడి ఉన్న వైపు తిరిగి దండం పెట్టుకున్నాను.

ఆ తర్వాత శశికళ నోరెత్తలేదు. అందరి కాళ్లకూ మొక్కింది. పెట్టిందంతా తింది. నా మనసు కుదుటపడింది.

సాయంత్రం ఆస్పత్రిలో డాక్టరమ్మ స్కానింగు తెరను మాకు కనబడకుండా పక్కకు తిప్పేసింది.

"బిడ్డ కదలడం ఎప్పుడు నిలిచిందమ్మా? అప్పుడే ఎందుకు రాలేదు?"

చెప్పొచ్చా అన్నట్టు, శశికళ నా ముఖంలోకి చూసింది.