సగం మంచం

దిండు మళ్ళీ బామ్ వాసన కొడుతోంది.

ఎలక్ట్రీషియన్‌కి ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నుంచీ నిచ్చెన మీద నిలబడి వైర్లు లాగి లాగి వచ్చినవాడికి నడుం వాల్చడానికి దక్కేది ఆ ఒక్క మంచం. అదీ సగమే.

పరాయి దేశంలో పనివాళ్ళ క్యాంపు అది; గదిలో ఆరు మంచాలు, ఏడుగురు మనుషులు. అతనిది పగటి డ్యూటీ. అదే మంచం మీద పగలు పడుకునేది రాత్రి డ్యూటీ ఆయన. తెల్లారుతుండగా ఇతని బస్సు గేటు దాటి బయటికి పోతుంది, ఆయన బస్సు లోపలికి వస్తుంది. నెల దాటినా ఒకరి మొహం ఒకరు చూసింది లేదు.

వాసన తప్ప ఇంకేమీ తెలియదు కాబట్టి, అతనే ‘బామ్ తాత’ అని పేరు పెట్టేశాడు.

తక్కిన అయిదుగురూ చెడ్డవాళ్ళేం కాదు. కానీ తలో భాష. నవ్వుతారు, తలూపుతారు, అంతటితో సరి. నోరారా ఒక మాట మాట్లాడి ఎన్నాళ్ళయిందో! నోరుండీ మూగవాడిలా తిరుగుతున్నాడు పాపం.

సాయంత్రం వచ్చేసరికి దుప్పటి చక్కగా మడత పెట్టి ఉండేది. తలాపున సీసా నిండా నీళ్ళుండేవి. గది ఊడ్చేవాడు బుద్ధిమంతుడే అనుకునేవాడు.

వచ్చాక మొదటి సెలవు ఆ వారమే దొరికింది. బామ్ తాత ఎటుపోయాడో, ఆ రోజు మంచం దగ్గరికి రాలేదు. ఇదే సందని దాని మీద బాసింపట్టు వేసుకుని అక్కకి ఫోన్ చేశాడు.

“నా వల్ల కాదక్కా. వచ్చేస్తా.”

“ఏమైందిరా?”

“ఎవడో ముసలాడు. వాడు దొర్లి లేచిన మంచం మీద నేను పడుకోవాలట! ఒకటే కంపు. వాడి మొహం మండ, ఏ రోగముందో ఏమో!”

“మెల్లగా మాట్లాడరా బాబూ. ఎవరైనా వింటారు.”

“విననీ! ఇక్కడ మన మాట అర్థమయ్యేదెవడికి? ఇదుగో, ఎవడో పెద్దాయన గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గది తప్పొచ్చినట్టున్నాడు. ఇప్పుడు వీణ్ణి తిట్టినా నవ్వుతాడు చూడు!”

నిజంగానే ఆ పెద్దాయన నవ్వాడు. కాసేపు అలాగే నిలబడి, గిన్నె పట్టుకునే వెనక్కి వెళ్ళిపోయాడు.

“చెప్పానా!” అని ఇతను పగలబడి నవ్వాడు.

అక్క నవ్వలేదు. “పెద్దవాళ్ళతో పరాచికాలేంట్రా” అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు సాయంత్రం తిన్నగా క్యాంప్ బాస్ దగ్గరికి వెళ్ళాడు. పని గడవడానికి అక్కడ అందరూ వాడే, వచ్చీరాని కలగలుపు భాషలో తేల్చి చెప్పేశాడు.

“నా మంచం మీద పడుకునే ఆయన్ని మార్చండి. లేకపోతే పనిలోకి రాను.”

క్యాంప్ బాస్ వింతగా చూశాడు. “ఎవరో తెలిసే అడుగుతున్నావా?”

“తెలుసు. బామ్ రాసుకునే ముసలాయన.”

“ఒకసారి ఆలోచించుకో.”

“నెల రోజులుగా అదే పని.”

బాస్ రిజిస్టరు తెరిచి ఏదో రాసుకున్నాడు.

మూడో రోజుకి మంచం పూర్తిగా అతనిదైంది. బామ్ వాసన లేదు. కాళ్ళూ చేతులూ బార్లా చాపి పడుకున్నాడు.

సీసాలో చుక్క నీళ్ళు లేవు. దుప్పటి పొద్దున తను వదిలేసినట్టే ముద్దగా పడి ఉంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఎందుకో అతనికి ఏడుపొచ్చింది. ఇంత పెద్ద లోకంలో తనని పట్టించుకునేవాడు ఒక్కడూ లేడనిపించింది. లేచి, ఖాళీ సీసా పట్టుకుని వంటగదికి నడిచాడు.

వంటాయన సీసా నింపి చేతికిస్తూ, కూడబలుక్కుని అన్నాడు.

“తి...న్నావా, నాయనా?”

ఎంత వంకరగా పలికితేనేం, తెలుగు! అతనికి ప్రాణం లేచొచ్చింది.

“అన్నా, నీకు తెలుగొచ్చా?”

వంటాయన తల అడ్డంగా ఊపి, మళ్ళీ వచ్చీరాని భాషలోకి దిగాడు. “ఆ రెండు మాటలే. పెద్దాయన నేర్పాడు. ‘మావాడొకడు కొత్తగా వస్తున్నాడు, బెంగ పెట్టుకుంటాడు, అన్నానికొచ్చినప్పుడు ఇలా అడుగు’ అన్నాడు. అడుగుదామంటే నువ్వు తలెత్తితేగా?”

“ఏ పెద్దాయన?”

“మొన్న సెలవు రోజున నీకోసం నా పొయ్యి మీద తనే వండి, గిన్నెలో తెచ్చాడే, ఆయన. తెచ్చింది తెచ్చినట్టే వెనక్కి పట్టుకొచ్చాడు. ‘అబ్బాయి నిద్రపోతున్నాడు, లేపలేదు’ అన్నాడు.”

గుమ్మం, గిన్నె, ఆ నవ్వు. తను అన్న ప్రతి మాటా ఇప్పుడు తన చెవులకే వినిపించింది.

“ఆయనేనా... బామ్ రాసుకునేది?”

“మోకాళ్ళు కదా పాపం. రాత్రంతా సైటు గేటు దగ్గర కాపలా నిలబడాలి.”

“ఇప్పుడు ఏ గదిలో ఉన్నాడు? చెప్పన్నా, కాళ్ళ మీద పడతాను.”

“ఇక్కడ వేరే గదుల్లో చోటెక్కడిది? దూరం సైటుకి వెళ్ళిపోయాడు. బాస్ వద్దన్నా, అబ్బాయికి ఇబ్బందిగా ఉందని తనే పెట్టె సర్దుకున్నాడు.”

“ఆ మోకాళ్ళతో అసలు రాత్రి డ్యూటీ ఎందుకు చేశాడన్నా?”

వంటాయన అతని వంక జాలిగా చూశాడు.

“పదకొండేళ్ళుగా ఆ మంచం ఆయనదే; కొత్తవాడికి మంచం లేదు, తిప్పి పంపేస్తామని బాస్ అంటే, ‘రాత్రిళ్ళు నాది ఇవ్వండి’ అని పగటి డ్యూటీ వదులుకున్నాడు.”