రంగు కింది ఇనుము

బుడ్డోడా,

మారుతి ఇంజన్ ఎక్కించిన నీ పాత కారు నిన్నటిదాకా స్టార్టు కాలేదు. ట్యాంకులోంచి ఇంజనుకు పెట్రోలు తోడే పంపు తిరగడం లేదు.

“పంపు కాలింది. ఇగ పాతినుముకు అమ్ముదాం” అన్నాడు మీ బాపు.

“గట్లయితే నన్ను గూడ తూకంల పెట్టు” అన్నాను.

బట్ట నేసే సాంచెల మీద తెగిన పోగులు వెతికిన చేతులు నావి. పంపు వైరునూ అట్లాగే వేళ్లతో తడుముకుంటూ పోయాను. రంగేసినవాళ్లు ఎర్త్ వైరును ఇనుముకు కాక రంగు మీద బిగించారు, అందుకే కరెంటు పారలేదు. నీకిష్టమని ఆ నీలిరంగు వేయించింది నేనే.

రంగు గీకి, ఇనుముకు ఆనించి బిగించాను. తాళం తిప్పగానే పంపు గుయ్యిమంది, ఇంజన్ అందుకుంది.

“ఆపకు. జరసేపు నడవనియ్యి” అన్నాడు మీ బాపు.

రేపు పెత్రమాస, పోయినవాళ్లకు పెట్టే రోజు. నీకు వండిన కూర మానేరు ఒడ్డుకు ఆ కారులోనే తెస్తాం. కడుపునిండా తిను, కొడుకా.