మీ నాన్నగారు ఒక మాట చెప్పారు

వరుసలో నిలబడమంటే ఆ మనిషి వినలేదు.

"బాబూ, అందరూ నిలబడ్డారుగా! పాలు అయిపోవులే, ఆవులున్న ఇంటికే వచ్చావు," అంది పిన్ని, ఉడికిన గుడ్లు పళ్ళెంలో పేరుస్తూ.

చుట్టూ నవ్వులు. ఆయన నవ్వలేదు.

"నాకు తిండి వద్దమ్మా. పాలాయనగారి పెద్దమ్మాయి ఎవరు?"

పిన్ని చేతిలోని గరిటెతో చూపించింది. పెద్దమ్మాయి అప్పుడే షెడ్డులోంచి పాల క్యాను మోసుకొస్తోంది.

షెడ్డు ముందు పొడుగ్గా బల్లలు వేశారు. వాటి నిండా రొట్టె, వెన్న, గుడ్లు, పొగలు కక్కే పాలు. తన దగ్గర పాలు పోయించుకునే వీధులన్నిటినీ ఏటా ఒక ఉదయం పిలిచి కడుపు నిండా పెట్టడం పాలాయన అలవాటు. ఆయన లేకుండా జరుగుతున్న మొదటి విందు ఇది. గేటు మీది బోర్డుకు ఈసారి ఆయన ఫొటో కూడా అంటించారు.

చలికాలంలో ఒక తెల్లవారుజామున, పొగమంచులో, మలుపు దగ్గర పాల వ్యాను బోల్తా పడింది. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం లేదు.

"ఇంతమందికి పాలు పోసిన మనిషి, ఆఖరికి గొంతులో నీళ్ళు పోసే దిక్కు లేక ఒంటరిగా పోయాడు," అని పెద్దమ్మాయి తల్లి ఇప్పటికీ కళ్ళొత్తుకుంటుంది.

ఆ మాట వచ్చినప్పుడల్లా పెద్దమ్మాయి లేచి షెడ్డులోకి వెళ్ళిపోతుంది.

వ్యాను బోల్తా పడడానికి ముందురోజు రాత్రి ఆమె తండ్రితో గొడవపడింది. "నీ ఆవులూ వద్దు, ఈ పేడ కంపూ వద్దు. నన్నొదిలెయ్ నాన్నా!" అంది. తెల్లారేసరికి ఆయన పలకరించకుండానే వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు.

కోపంతో వెళ్ళాడో, నిద్ర లేపడం ఇష్టంలేక వెళ్ళాడో!

ఇప్పుడు ఆ ఆవుల్ని ఆమే పితుకుతోంది.

"అమ్మా, పెద్దమ్మాయి మీరేనా?"

"నేనే. చెప్పండి."

"గేటు దగ్గర ఫొటో చూసి వచ్చాను. మీ నాన్నగారు నాకు ఒక మాట చెప్పారు..."

ఆమె క్యాను ఠక్కున కింద పెట్టింది.

తండ్రి పోయినప్పటినుంచీ ఈ మాట వినీ వినీ ఆమెకు ప్రాణం విసిగిపోయింది. దూడనిస్తానని మీ నాన్నగారు చెప్పారంటూ ఒకడొచ్చాడు. రోడ్డు పక్క స్థలం నాకే ఇస్తానన్నారంటూ ఇంకొకడు. పాత ఇనప గేటు కూడా నాదేనన్నాడు వరసకు మామయ్య అయ్యే ఒకాయన.

"ఏమిస్తానన్నారు మీకు? దూడా, స్థలమా?"

"ఇవ్వడం కాదమ్మా..."

"మా నాన్నతో ఎన్నాళ్ళ పరిచయం?"

ఆయన తడబడ్డాడు. "పరిచయమంటే... ఒక్కసారే చూశాను."

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"బతికున్నప్పుడు మాతోనే ఆచితూచి మాట్లాడేవాడు మా నాన్న. పోయాక మాత్రం దారినపోయే ప్రతివాడితోనూ మాట్లాడుతున్నాడు!"

"కాస్త పక్కకు రండమ్మా. పదిమందిలో చెప్పేది కాదు."

"పదిమందిలో చెప్పలేని మాట నాకూ అక్కర్లేదు. తింటే కూర్చుని తినండి, లేదంటే వెళ్ళండి."

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో తారు నల్లగా ఎండిపోయి ఉంది.

"ఇక్కడ మా రోడ్డు పని అయిపోయింది. లారీ బయట ఆగి ఉంది. మళ్ళీ ఇటు రానేమోనని..."

"మంచిది," అంటూ ఆమె క్యాను ఎత్తుకుని వెనక్కి తిరిగింది.

ఆయన కాసేపు అక్కడే నిలబడ్డాడు. పిన్ని రొట్టెముక్క చేతిలో పెడితే తీసుకున్నాడు. తినకుండానే దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, గేటు వైపు నడిచాడు.

"పాపమే, ముఖం పీక్కుపోయింది," అంది పిన్ని. "ఎక్కడికయ్యా ఇప్పుడంటే, మాకే తెలీదమ్మా, మేస్త్రీ ఎటు తోలితే అటే అన్నాడు."

"అందరి ముఖాలూ చూస్తూ కూర్చుంటే మనకు మిగిలేది ఈ బల్లలే పిన్నీ."

బయట లారీ రొద చేస్తూ కదిలి, దూరమైపోయింది.

బల్లలు సగం ఖాళీ అయ్యాక అంబులెన్సు డ్రైవరు వచ్చాడు. వాళ్ళ అత్తగారిది పాలు పోయించుకునే ఇల్లే. ఆమె వెంట వచ్చి, పెద్దమ్మాయి ముందు తల దించుకుని నిలబడ్డాడు.

"నన్ను గుర్తుపట్టారో లేదో. ఆ రోజు మీ నాన్నగారిని తీసుకొచ్చింది నేనే."

"గుర్తున్నారు. తినండి," అందామె పాలు పోస్తూ.

"ఇందాక లారీ ఒకటి ఎదురొచ్చింది. దాని వెనక కూర్చున్నతన్ని చూసి ఆశ్చర్యపోయాను. ఆగమని చెయ్యి ఊపేలోపే దాటిపోయింది. మీరే పిలిపించారా?"

"ఎవర్ని? ఆ రోడ్డు పనాయన్నా? నాన్న పేరు చెప్పుకుని తనే వచ్చాడు. పంపించేశాను."

డ్రైవరు చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"అయితే మీకెవరూ చెప్పలేదా? ఆ రోజు మీరు వినే స్థితిలో లేరు. ఆ మర్నాడే నన్ను వేరే ఊరికి మార్చేశారు. ఈపాటికి తెలిసే ఉంటుందనుకున్నాను."

"ఏం తెలియడం?"

"మేం వెళ్ళేసరికి ఆ మంచులో, నడిరోడ్డు మీద, మీ నాన్నగారి తల ఒళ్ళో పెట్టుకుని, ఆయన పెదాల దగ్గర చెవి ఆనించి వింటూ కూర్చున్నది ఆయనేనమ్మా."