దత్తాత్రేయగారి నిలవ పచ్చడి

టమాటాలు డైనింగ్ టేబుల్ దాటి సోఫాలోకి వచ్చేశాయి.

దత్తాత్రేయగారు భార్య అనంతలక్ష్మిగారితో కలిసి అమెరికాలో, కాపెల్ అనే ఊళ్లో ఉన్న కూతురు రజిని ఇంటికి వచ్చింది మార్చిలో. వచ్చిన వారానికే పెరటి కంచె పొడుగునా టమాటా మొక్కలు నాటారు. బ్యాంకులో పనిచేసినన్నాళ్లూ కుండీలో తులసికి కూడా నీళ్లు పోసి ఎరుగని మనిషి, ఇక్కడ తెల్లారగానే లేచి మొక్కలతో కబుర్లు చెప్పేవారు. ఆ కబుర్ల మహిమో ఏమో, జూన్ వచ్చేసరికి విరగకాశాయి.

అనంతలక్ష్మిగారు టమాటా పప్పు చేశారు. చారు కాచారు. టమాటా బాత్, కోడిగుడ్డు టమాటా, దోసెల్లోకి కొత్తిమీర వేసి టమాటా చట్నీ చేశారు. అల్లుడు వేణుమాధవ్ నోరు లేని మనిషి. ఏది పెట్టినా తినేవాడు. ఆఖరికి అతను కూడా, "అత్తయ్యా, పెరుగన్నంలో మాత్రం వేయకండి" అని బతిమాలుకున్నాడు.

ఇంతలో నయాగరా ప్రయాణం దగ్గరపడింది. మోకాళ్లు మొరాయించకముందే ఆ జలపాతం ఒక్కసారి చూడాలని అనంతలక్ష్మిగారి కోరిక. ఒకసారి అమెరికా వస్తే కూతురి పురుడు, ఇంకోసారి వస్తే మనవడికి అమ్మవారు. ఈసారి ఎలాగైనా చూపించాలని రజిని ఆఫీసులో సెలవు పెట్టి, హోటల్ బుక్ చేసింది.

సరిగ్గా అప్పుడే దత్తాత్రేయగారికి నిలవ పచ్చడి ఆలోచన వచ్చింది. ఇంట్లో చెప్పడానికి ముందే ఊరంతా చెప్పేశారు. వాకింగ్‌లో ఎదురుపడ్డ ప్రతి తెలుగు మనిషికీ ఒక సీసా ఇస్తానని మాట ఇచ్చేశారు.

"నయాగరా ఎక్కడికీ పోదు లక్ష్మీ. టమాటాలు ఆగవు. పచ్చడి పని అయ్యాక వెళదాం" అన్నారు.

పచ్చడి ఆయన దృష్టిలో పెద్ద పనేం కాదు. ముక్కలు కోయాలి. ఉప్పూ పసుపూ వేసి ఊరబెట్టాలి. రసం పిండేసి ఎండబెట్టాలి. చింతపండు, కారం, మెంతిపిండి కలిపి పోపు పెట్టాలి. ఇందులో ఆయన వంతు, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడం.

రజినికి ఒళ్లు మండింది. ఓవెన్‌లో పెడితే ఒక్క రోజులో ఎండిపోతాయి కదా అంది. ఓవెన్‌లో ఎండినదాన్ని పచ్చడి అనరని ఆయన తేల్చేశారు. అనంతలక్ష్మిగారు ఇండియా నుంచి తెచ్చుకున్న కత్తిపీట ముందేసుకుని కూర్చున్నారు.

ఎండబెట్టే చోటు దగ్గర చిక్కొచ్చింది. పెరట్లో ఎండ తగిలే చోటంతా మొక్కలే. మిగిలినదంతా ఓక్ చెట్టు నీడ, పైగా ఉడతలు. ఇంటి ముందు కారు నిలిపే డ్రైవ్‌వేలో అయితే రోజంతా మాడే ఎండేనని అనంతలక్ష్మిగారే గుర్తుచేశారు. పాత నేత చీర పరిచి, ఊరిన ముక్కలన్నీ ఆరబోశారు. దత్తాత్రేయగారు గొడుగు వేసుకుని కాపలా కూర్చున్నారు. దారినపోయేవాళ్లు కారు స్లో చేసి వింతగా చూస్తుంటే ఉత్సాహంగా చెయ్యి ఊపారు.

మర్నాడే కాలనీ అసోసియేషన్ మనిషి వచ్చాడు. ఇంటి ముందు తిండి వస్తువులు ఆరబెట్టడం రూల్స్‌కి విరుద్ధమనీ, ఎవరో కంప్లైంట్ పెట్టారనీ, సాయంత్రంలోగా తీసేయాలనీ ఎంతో మర్యాదగా చెప్పాడు. ఎవరు పెట్టారని దత్తాత్రేయగారు గుచ్చి గుచ్చి అడిగారు. అది చెప్పకూడదన్నాడతను.

చెప్పక్కర్లేదు. ఎదురింటి రఘువీరేనని ఆయన నమ్మకం. అతనూ టమాటాలు వేశాడు. నాలుగు కాయలు కాసి ఊరుకున్నాయి.

"కడుపుమంట. తెలుగువాడై ఉండి సాటి తెలుగువాడి పచ్చడి మీద కంప్లైంటా?" అని రోజంతా కుమిలిపోయారు.

ఆ పని చేసినవాళ్లకి ఈ జన్మలో టమాటా పచ్చడి పెట్టే యోగం లేకుండా పోవాలని అనంతలక్ష్మిగారు గట్టిగానే శపించారు. భర్త మొహం చూసి జాలేసింది కూడా. పచ్చడి పోతే పోయింది, ఊరందరికీ ఇచ్చిన మాట ఏం కావాలన్నది ఆయన బెంగ.

"మీ టమాటాలు వాళ్లు రుచి చూడాలి, అంతే కదండీ. శనివారం అందర్నీ భోజనానికి పిలవండి" అన్నారావిడ.

సగం ఎండిన ముక్కలకి వెల్లుల్లి, పచ్చిమిర్చి చేర్చి అప్పటికప్పుడు నూరేశారు. శనివారం ఇల్లు నిండిపోయింది. తిన్నవాళ్లే మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు. కొట్లో కొన్న టమాటాలకి ఈ పులుపెక్కడిదని మెచ్చుకుంటుంటే దత్తాత్రేయగారి మొహం వెలిగిపోయింది. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరికీ ఒక సంచీ నిండా పళ్లు. అన్నిటికన్నా పెద్ద సంచీ అనంతలక్ష్మిగారు రఘువీర్ చేతిలో పెట్టారు. చెడు చేసినవాడికి కూడా పెట్టే చెయ్యి తన భార్యదని ఆయనకి కళ్లు చెమర్చాయి.

సోఫా ఖాళీ అయింది. రద్దు చేద్దామా వద్దా అని రజిని నానుస్తున్న హోటల్ బుకింగ్ అలాగే ఉండిపోయింది. అనుకున్న రోజుకే అందరూ నీలం రంగు రెయిన్‌కోట్లు తొడుక్కుని నయాగరా ముందు బోటులో నిలబడ్డారు. నీటి తుంపర మొహాన పడుతుంటే అనంతలక్ష్మిగారు చిన్నపిల్లలా నవ్వుతున్నారు. ఆమెని అంత సంతోషంగా చూసి చాలా ఏళ్లయిందని రజినికి అనిపించింది.

దత్తాత్రేయగారు కూడా మంచి హుషారులో ఉన్నారు. వచ్చే ఏడాది టమాటాలు కాదు, పెరడంతా మిరప వేస్తాననీ, ఈసారి ఊరందరికీ పండుమిరపకాయ పచ్చడేననీ ఆ హోరులో అరిచి మరీ చెప్పారు.

అనంతలక్ష్మిగారు జలపాతం మీంచి చూపు తిప్పకుండానే కూతురి చెవి దగ్గరకి వంగి, "రజినీ, మొన్న మనిద్దరం కంప్లైంట్ పెట్టిన ఆ యాప్‌ని ఫోన్‌లోంచి తీసెయ్యకే" అన్నారు.