తిమ్మన్న అడిగే పాఠాలు

మహానందీశ్వరుడికి చెప్పుకున్నా ఈ కోపం చల్లారలేదు. అందుకే మీకు రాస్తున్నాను.

పెద్దమనిషి అయిందని కూతురు చెన్నమ్మను ఆరో తరగతిలోనే బడి మాన్పించిన తిమ్మన్న, రోజూ సాయంత్రం నా తరగతి గుమ్మంలో నిలబడతాడు.

“ఈ పొద్దు ఏం చెప్తిరి టీచరమ్మా?”

“భూగోళంలో మన కొత్త ఆంధ్ర రాష్ట్రం, దాని రాజధాని కర్నూలు. లెక్కల్లో భిన్నాలు. సైన్సులో వేర్లు.”

“భిన్నాలు ఇంగోసారి చెప్పమ్మా.”

ఈ రోజు నా ఓపిక పోయింది. “పాపను మాన్పిస్తివి. ఇంక నీకెందుకప్పా ఈ పాఠాలు?”

అతను తల గోక్కున్నాడు. “మా యమ్మ పాపను గడప దాటనీదు. ఇంటికి పోయి నేనే చెప్తాండా. నిన్న భిన్నాలు తప్పు చెప్పినానని పాప నాతో గుంజీలు తీయించిందమ్మా.”

నల్లబల్ల తుడిచి, సుద్దముక్క అతని చేతికిచ్చాను.

ఈ కాగితం దాచండి, ఎవరికీ చూపకండి. ఆ ముసలమ్మకు తెలిస్తే ఈ ఇంటి బడి కూడా మూతపడుతుంది.