ఆదివారం ఇంటర్వ్యూ

"నష్టాల్లో మునిగిన మిల్లుని ప్రభుత్వం ఎందుకు గట్టెక్కించాలి, మిస్టర్ బాలశౌరి?"

చైర్మన్ అడిగిన మొదటి ప్రశ్నకే బాలశౌరి ఒళ్ళోని సర్టిఫికెట్లు సర్దుకోసాగాడు.

తిరువూరు మిషన్ బడిలో మూడో తరగతి గది అది. ఆదివారం కాబట్టి పిల్లల్లేరు. మాస్టారి బల్ల వెనక మూడు కుర్చీలు వేశారు. నడుమ చైర్మన్, కుడిపక్క కళ్ళజోడాయన, ఎడంపక్క నీలంచీర కట్టుకున్న మేడం. ముగ్గురి ముఖాల్లోనూ నవ్వన్నది మచ్చుకైనా లేదు.

బయట వరండాలో ఇంకో ఎనిమిదిమంది సర్టిఫికెట్లు చంకన పెట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. ఊళ్ళో డిగ్రీలకి ఆ రోజుల్లో కొదవ లేదు. కొదవల్లా ఉద్యోగాలకే. ధరలు మండిపోతున్నాయి. మిల్లులు మూతపడుతున్నాయి. ఆఫీసుల్లో కొత్తవాళ్ళని తీసుకోవడం ఎప్పుడో మానేశారు. బాలశౌరి బెజవాడ వెళ్ళి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుని పద్దెనిమిది నెలలైంది. పోస్టుమాన్ ఇంతవరకూ ఒక్క కార్డు ముక్క తెచ్చిచ్చిన పాపాన పోలేదు.

ఈ గదిలో, ఈ బల్ల ముందు కూర్చోవడం అతనికి ఇది మూడోసారి. ముందు రెండుసార్లూ కాదన్నారు. ఈసారీ కాదంటే సర్టిఫికెట్లు ట్రంకుపెట్టె అడుగున పడేసి, రేపట్నుంచి అమ్మ వెంట వినగడప చేలల్లో పత్తి తియ్యడానికి పోవాలని పొద్దున ప్రార్థనలో కూర్చునే తీర్మానించుకున్నాడు. అమ్మ హన్నమ్మకి ఆ సంగతి చెప్పలేదు. చెబితే ఆవిడ ఆ పూట అన్నం ముట్టదు. కొడుకు పత్తిచేలోకి దిగకూడదనే ఆవిడ పదిహేనేళ్ళు పత్తి తీసింది.

"చెప్పండి, టైమైపోతోంది," అంది మేడం.

"మిల్లు మూతపడితే కూలీల పొట్ట కొట్టినట్టవుతుంది మేడం. అందుకని ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుంటుంది. డబ్బు పోస్తుంది."

"పోస్తే నిలబడుతుందా?"

బాలశౌరికి తండ్రి గుర్తొచ్చాడు. ప్రభుదాసు బెజవాడ అవతల ఒక నూలు మిల్లులో ఇరవై రెండేళ్ళు చేశాడు. కిందటేడు ఆ మిల్లుని ప్రభుత్వం తీసుకుందని తెలిసినప్పుడు పేటంతా తిరిగి మిఠాయి పంచాడు. ఆర్నెల్లు తిరక్కుండానే, మిల్లు గాడిన పడాలంటే మనుషులు తగ్గాలన్నారు. తగ్గినవాళ్ళలో ఆయనొకడు. ఇప్పుడు ఆ మనిషి అరుగు దిగడు. పలకరిస్తే పలకడు.

"మిల్లు నిలబడుతుందండి. మనుషులే నిలబడరు," అనేశాడు బాలశౌరి.

కళ్ళజోడాయన పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"మీకు ఉద్యోగం కావాలా, ఉపన్యాసం కావాలా?" అన్నాడు చైర్మన్. "ప్రభుత్వాన్ని ఉద్యోగం అడగడానికొచ్చి, ఆ ప్రభుత్వాన్నే తప్పుబడితే ఎవరిస్తారండీ?"

"పొరపాటయింది సార్."

"మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాడు. ప్రభుత్వం ఆదుకుంటే మిల్లులు కోలుకుంటాయన్నాడు. కోలుకున్న మిల్లులు కొత్తగా చదువుకున్నవాళ్ళని పిలిచి కొలువులిస్తాయన్నాడు. యువకులు ఓపిక పట్టాలన్నాడు. ఒక్కొక్క మాటా గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. ముగ్గురూ తలలూపారు.

"మూడేళ్ళ డిగ్రీ. మీకు నాలుగేళ్ళు పట్టిందేం?" కళ్ళజోడాయన అందుకున్నాడు.

"ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో కాలేజీలు మూసేశారండి. పరీక్షలు జరగలేదు."

"ఆ ఏడాదంతా ఏం చేశారు?"

మామిడితోటల్లో కాయల గంపలు మోశాడు. ఆ మాట ఇక్కడ పనికిరాదు.

"టైపు నేర్చుకున్నాను సార్."

తిరువూరు మొత్తానికి ఉన్నవి రెండే టైపు మిషన్లు. ఆ ఏడాది టైపు నేర్చుకున్నామని చెప్పే గ్రాడ్యుయేట్లు మాత్రం యాభైమందికి తక్కువుండరు. మేడం తల దించుకుంది. కళ్ళజోడాయన మాత్రం ఏమీ ఎరగనట్టే కాగితం మీద రాసుకున్నాడు.

"స్పీడు?"

"నలభై సార్."

ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు. బాలశౌరి గోడ మీది దేశపటం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎంత దేశం! ఇంత దేశంలో తను కూర్చోవడానికి ఒక స్టూలు లేదు. కాదంటారు. ఈసారీ కాదనే అంటారు. అనెయ్యండి తొందరగా, అనుకున్నాడు.

చైర్మన్ గొంతు సవరించుకున్నాడు.

"మిస్టర్ బాలశౌరి, మిమ్మల్ని తీసుకుంటున్నాం."

అతనికి అర్థం కాలేదు.

"సెలెక్టయ్యారండీ. కంగ్రాట్యులేషన్స్!"

మేడం చెయ్యి చాచింది. కళ్ళజోడాయన లేచి నిలబడ్డాడు. తండ్రి పని పోగొట్టుకుని ఇంటికొచ్చిన రోజున కూడా బాలశౌరి ఏడవలేదు. ఇప్పుడు ఆపుకోలేకపోయాడు. థాంక్యూ సార్, థాంక్యూ సార్ అని మూడుసార్లో నాలుగుసార్లో అన్నాడు. చొక్కాచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఒక్క మాట ఒక మనిషి నోట వినడానికే ఇన్నాళ్ళూ చదివాననిపించింది. ఇక సర్టిఫికెట్లు పెట్టె అడుగున పడెయ్యక్కర్లేదు.

అప్పుడు చైర్మన్ తన కుర్చీలోంచి లేచి, అందులో బాలశౌరిని కూర్చోబెట్టి, పాసైన నాలుగేళ్ళ నుంచీ ఆఫీసాఫీసుకీ మోసి విసిగిన తన బి.ఎ. సర్టిఫికెట్లు చంకన పెట్టుకుని, తననెప్పుడు పిలుస్తారా అని వరండాలో వరస చివర నిలబడటానికి వెళ్ళాడు.