సగం ఒబ్బట్టు

"ఎలుక పిండం రెండు కణాలుగా ఉన్నప్పుడే విడదీస్తే, సగం సగం ఎలుకలు పుట్టవమ్మా. రెండూ నిండు ఎలుకలే అవుతాయి," అన్నాను.

ఎనభై ఆరులో, పుట్టినరోజని బెంగుళూరు ల్యాబు నుంచి ధర్మపురికి వచ్చినప్పటి మాట. అమ్మ ఎప్పటిలాగే రెండాకులు వేసింది. రెండోది నాతో పుట్టి, పురిట్లోనే పోయిన కవల చెల్లెలికి.

ఒకే పిండం చీలింది, చెరి సగం ప్రాణం అని అమ్మ నమ్మకం. అందుకే ఏటా ఒక ఒబ్బట్టు విరిచి ఇద్దరికీ చెరి సగం పెట్టేది.

ఆ రోజు విరవబోతూ ఆగిపోయింది. "అయితే అది నిండు బిడ్డేనా?"

ఒబ్బట్టు నిండుగా చెల్లెలి ఆకులో పెట్టి నెయ్యి పోసింది.

"ఇన్నేండ్లూ దాన్ని సగం కడుపుతో పంపించినానే! అందుకే పొద్దుగూకితే ఆకలని ఏడుస్తా ఉంది."

అంతవరకూ ఆ ఏడుపు నాకొక్కదానికే వినిపిస్తుందనుకున్నాను.